సంచి మోసినవాళ్ల గోల్ఫ్

గోల్ఫ్ చరిత్రలో నాకు తెలిసినదంతా మా పెద్ద మావయ్యకు చదివి వినిపించడం కోసం తెలుసుకున్నదే. కళింగపట్నం దిక్కున ఉన్న మా అమ్మ పుట్టింటి ఊరి నుంచి, ఇంకా మీసాలు సరిగా రాని వయసులో, మా జిల్లాలో అప్పట్లో ఎందరో చేసినట్టే ఆయన కూడా ఆమదాలవలసలో రైలెక్కి కలకత్తా వెళ్లిపోయారు. జూట్ మిల్లులో పని దొరుకుతుందని వెళ్లిన మనిషికి టాలీగంజ్ ప్రాంతంలోని ఒక గోల్ఫ్ మైదానంలో పని దొరికింది. మొదట ఆగేవాలాగా చేరారు. ఆటగాళ్లకంటే ముందు పరుగెత్తి, బంతి ఎక్కడ పడిందో, ఏ చెరువు గట్టున ఆగిందో చూసి పెట్టే కుర్రవాణ్ణి అక్కడ ఆగేవాలా అనేవారు. తర్వాత ఆటగాళ్ల సంచి మోసే క్యాడీ అయ్యారు. భుజం నొప్పి మొదలయ్యాక మాలీగా మారి, తెల్లవారకముందే పొడవాటి వెదురు గడతో గ్రీన్ల మీది, అంటే బంతిని చివరికి గుంటలోకి కొట్టే పొట్టి గడ్డి చోట్ల మీది, మంచు దులపడం, గడ్డి కత్తిరించడం, ప్రతిరోజూ కప్పు, అంటే బంతి పడే గుంట, చోటు మార్చి తవ్వడం వంటి పనులతో ఉద్యోగం ముగించారు.

శ్రీకాకుళంలో మా చిన్నతనంలో గోల్ఫ్ అనే మాట విన్నవారే తక్కువ. కోడి రామమూర్తి గారి జిల్లా మాది. మాకు కుస్తీ తెలుసు, బరువులెత్తడం తెలుసు, కబడ్డీ తెలుసు. పక్కనే ఉన్న విజయనగరం రాజకుమారుడు విజ్జీ భారత క్రికెట్ జట్టుకు నాయకుడిగా ఇంగ్లండు వెళ్లిన సంగతి మా మాస్టర్లు గర్వంగా చెప్పేవారు. గోల్ఫ్ మాత్రం దొరల ఆట, పోయినవాళ్లతోనే పోయిందని అనుకునేవారు. సంక్రాంతికి సెలవు పెట్టి వచ్చే మావయ్య ఒక్కరే ఆ ఆట ఇంకా బతికే ఉందనడానికి మాకున్న సాక్ష్యం.

ఆయన ఒకసారి తనతో పాటు పాత ఇనుప కర్ర ఒకటి, పైపెంకు పగిలిన బంతులు కొన్ని తెచ్చారు. ఎవరో సభ్యుడు కొత్త సెట్టు కొనుక్కుని పాతది ఇచ్చేశాడట. కోతలైపోయిన పొలంలో, గట్టు మీద గరిక దట్టంగా ఉన్నచోట ఒక గుంట తవ్వి, దాని వెడల్పు సరిగ్గా నాలుగుంపావు అంగుళాలు ఉండాలని చెప్పి, కొలిచి మరీ సరిచేశారు. ప్రపంచంలో ఏ మైదానంలోనైనా ఆ కొలత అంతేనని, ఒక మైదానానికీ ఇంకొకదానికీ దూరాలు మారినా కప్పు మారదని ఆయన చెప్పినప్పుడు నాకు ఆ ఆట మీద మొదటిసారి గౌరవం కలిగింది. కలకత్తా గ్రీన్ల మీద ఉండేది కూడా ఈ గరిక జాతి గడ్డేనని, దానిని రోజూ కత్తిరించి కత్తిరించి తివాసీలా చేస్తారని చెప్పారు. మా మావయ్య చేతిలో ఆ కర్ర ఊగిన తీరు నేను తర్వాత టీవీలో చూసిన ఎందరో పేరున్న ఆటగాళ్ల తీరుకు తీసిపోలేదని ఈనాటికీ అనుకుంటాను. ఆడమని ఆయనను ఎవరూ అడగలేదు. క్యాడీలకు వారంలో ఒక పూట, సభ్యులు రాని వేళ, కొన్ని హోల్స్, అంటే బంతిని మొదట కొట్టే చోటు నుంచి కప్పు దాకా ఉండే భాగాలు, ఆడుకునే వీలుండేదట. ఆ పూటల్లో నేర్చుకున్నదే ఆయన ఆట.

ఆయన కబుర్లలో ఎక్కువగా వినిపించిన పేరు పీటర్ థామ్సన్. ఆస్ట్రేలియాకు చెందిన ఈయన బ్రిటిష్ ఓపెన్‌ను ఐదుసార్లు, అంటే 1954, 1955, 1956, 1958, 1965 సంవత్సరాలలో గెలిచాడు. భారతదేశంలో ఒక అంతర్జాతీయ పోటీ ఉండాలని ఎంతో పాటుపడ్డవాడు, 1964లో జరిగిన మొట్టమొదటి ఇండియన్ ఓపెన్‌ను గెలిచినవాడు కూడా ఆయనే. మరుసటి సంవత్సరం 1965లో రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో అదే పోటీని పి.జి. సేఠీ అనే భారతీయుడు గెలిచాడు. సేఠీ వృత్తి ఆటగాడు కాడు, ఔత్సాహికుడు. వృత్తిగా ఆడేవారందరినీ దాటి మన దేశపు ఔత్సాహికుడు గెలిచిన ఆ రోజు గురించి చెప్పేటప్పుడు మావయ్య గొంతు మారిపోయేది. ఆ రోజు మైదానంలోని క్యాడీలంతా ఏ ఆటగాడి సంచి మోస్తున్నారన్నది మరచి సేఠీ వెంట వెళ్లాలని చూశారట.

నేను కాలేజీలో చేరాక మా సంబంధం తిరగబడింది. అప్పటివరకు ఆయన చెప్పడం, నేను వినడం జరిగేది. మావయ్యకు తెలుగులో సంతకం పెట్టడం తప్ప చదువు రాదు. ప్రతి నెలా మనియార్డరు ఫారం మీద ఆ సంతకాన్ని ఎంతో శ్రద్ధగా పెట్టేవారు. నేను జిల్లా కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని ఇంగ్లీషు ఆటల పత్రికలూ, విజ్ఞాన సర్వస్వాలూ తిరగేసి, గోల్ఫ్ గురించి దొరికినదంతా ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాసుకుని, ఆయన వచ్చినప్పుడు రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద చదివి వినిపించేవాణ్ణి. ఏది చదివినా ఆయన మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆడు సంచి మోసినోడేనేటి?"

ఆ ప్రశ్నకు అవునని జవాబు చెప్పగలిగిన సందర్భాలు నేను ఊహించినదానికంటే చాలా ఎక్కువ ఉండడం నన్ను ఆశ్చర్యపరిచింది. గోల్ఫ్ ధనవంతుల ఆట అన్నది నిజమే కాని, దాని చరిత్రను నిలబెట్టినవారిలో సంచి మోసినవారు, గడ్డి కోసినవారు, వారి కొడుకులు ఎంతమంది ఉన్నారో లెక్క చూస్తే ఆ ఆట సగానికి పైగా వాళ్లదేననిపిస్తుంది. ఇది నా అభిప్రాయమే. కాని నలభై ఏళ్లకు పైగా చదివిన తర్వాత కూడా మార్చుకోవలసిన అవసరం కనిపించలేదు.

స్కాట్లండులోని ప్రెస్ట్‌విక్‌లో 1860 అక్టోబరు 17న జరిగిన మొదటి ఓపెన్ పోటీలో పాల్గొన్నవారు ఎనిమిది మంది మాత్రమే. పన్నెండు హోల్స్ ఉన్న మైదానాన్ని ఒక్కరోజులో మూడుసార్లు చుట్టి, విల్లీ పార్క్ అందరికంటే తక్కువగా 174 దెబ్బలతో గెలిచాడు. ఆయనకు దక్కింది ఒక ఎర్రతోలు పట్టీ. రెండో స్థానంలో నిలిచిన టామ్ మోరిస్ ఆ మైదానాన్ని చూసుకునే మనిషి, అంటే మా మావయ్య లెక్క ప్రకారం మాలీ. ఆ మాలీ తర్వాత ఆ పోటీని నాలుగుసార్లు గెలవడం, ఆయన కొడుకు కూడా నాలుగుసార్లు గెలవడం విని మావయ్య చాలాసేపు ఆనందపడ్డారు. పెద్దమనుషులు ఆడే ఆటలో, వారి పనివారి కోసం వేరుగా పెట్టిన పోటీ అది. ఈనాడు ప్రపంచమంతా చూసే ఓపెన్ అలా మొదలైంది.

అమెరికాలో ఆట జనంలోకి వెళ్లిన రోజు 1913లో వచ్చింది. బోస్టన్ దగ్గరి బ్రూక్‌లైన్‌లో జరిగిన యు.ఎస్. ఓపెన్‌లో బ్రిటిష్ దిగ్గజాలు హ్యారీ వార్డన్, టెడ్ రే లతో సమానంగా ఫ్రాన్సిస్ విమెట్ అనే ఇరవై ఏళ్ల కుర్రవాడు నిలిచాడు. ఆ మైదానానికి రోడ్డు దాటితే అతని ఇల్లు. చిన్నప్పుడు అక్కడే క్యాడీగా పని చేశాడు. సమానంగా నిలిచినవారి మధ్య మరునాడు జరిగిన ప్లేఆఫ్‌లో విమెట్ 72, వార్డన్ 77, రే 78. గెలిచిన కుర్రవాడి సంచి మోసినవాడు ఎడ్డీ లోవరీ అనే పదేళ్ల పిల్లవాడు. సంచి ఎత్తు, పిల్లవాడి ఎత్తు దాదాపు సమానంగా కనిపించే ఆ ఛాయాచిత్రాన్ని ఒక పత్రికలో చూసి, మావయ్యకు చూపించాలని ఆ సంచిక దొరుకుతుందేమోనని పాత కాగితాల దుకాణాలన్నీ వెతికి సంపాదించాను. ఆయన దానిని మడిచి తన చొక్కా జేబులో పెట్టుకుని కలకత్తా తీసుకువెళ్లారు.

వాల్టర్ హేగెన్ కథ ఆయనకు ఇంకొక రకంగా నచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో క్యాడీగా మొదలుపెట్టిన హేగెన్ 1920లో బ్రిటిష్ ఓపెన్ ఆడడానికి ఇంగ్లండులోని డీల్ వెళ్లాడు. అక్కడ వృత్తి ఆటగాళ్లకు క్లబ్బు భవనంలోకి ప్రవేశం లేదు. బట్టలు మార్చుకోవాలన్నా వేరే చోటికి పోవలసిందే. హేగెన్ ఒక పెద్ద కారు అద్దెకు తీసుకుని, క్లబ్బు గుమ్మం ఎదురుగా నిలబెట్టించి, అందులోనే బట్టలు మార్చుకున్నాడు. ఆ ఏడు అతని ఆట ఏమాత్రం బాగా సాగలేదు. రెండేళ్ల తర్వాత 1922లో తిరిగి వచ్చి అదే ఓపెన్‌ను గెలిచాడు. అదే 1920లో అమెరికాలోని టొలీడో నగరంలో ఇన్వర్నెస్ క్లబ్బు యు.ఎస్. ఓపెన్ సందర్భంగా తన భవనం తలుపులు వృత్తి ఆటగాళ్లకు తెరిచింది. కృతజ్ఞతగా ఆటగాళ్లంతా చందాలు వేసుకుని ఆ క్లబ్బుకు నిలువెత్తు గడియారం ఒకటి బహూకరించారు. ఎవరో తలుపు తీసినందుకు అంత పెద్ద కానుక ఇవ్వవలసి వచ్చిందా అని నాకు కోపం వచ్చింది. మావయ్యకు రాలేదు. తలుపు అవతల నిలబడిన అనుభవం ఉన్నవారికే దాని విలువ తెలుస్తుందని ఆయన ముఖం చూసి నేను గ్రహించాను.

టెక్సాస్‌లో ఫోర్ట్‌వర్త్ దగ్గరి గ్లెన్ గార్డెన్ అనే ఒకే క్లబ్బులో, ఒకే కాలంలో సంచులు మోసిన ఇద్దరు పిల్లలు బైరన్ నెల్సన్, బెన్ హోగన్. క్యాడీల పోటీలో నెల్సన్ ఒక్క దెబ్బ తేడాతో హోగన్‌ను ఓడించాడు. ఆ నెల్సన్ 1945లో వరుసగా 11 పోటీలు, మొత్తం మీద 18 పోటీలు గెలిచాడు. ఆ లెక్కను ఈనాటికీ ఎవరూ అందుకోలేదు. హోగన్ దారి కష్టమైనది. 1949 ఫిబ్రవరిలో పొగమంచులో ఒక బస్సు అతని కారును ఢీకొంది. పక్కనున్న భార్యను కాపాడడానికి అడ్డంగా పడడం వల్ల ఆమె బతికింది, అతను కూడా బతికాడు కాని, ఎముకలు విరిగిపోయి మళ్లీ నడవగలడో లేదో అనుకున్నారు. పదహారు నెలల తర్వాత మెరియన్‌లో యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. 1953లో ఈ ఆటలోని నాలుగు ప్రధాన పోటీల్లో మాస్టర్స్, యు.ఎస్. ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ మూడూ గెలిచాడు. మెరియన్ చివరి హోల్ దగ్గర అతను వన్ ఐరన్ అనే ఇనుప కర్రతో కొట్టిన దెబ్బను వెనుక నుంచి తీసిన ఫోటో ఈ ఆటలో అన్నిటికంటే ప్రసిద్ధమైనది. నొప్పి పడుతున్న కాళ్లతో ఒక మనిషి అంత నిటారుగా ఎలా నిలబడగలిగాడో ఆ ఫోటోలో కనబడుతుంది.

కాని మా అరుగు మీద అన్నిటికంటే ఎక్కువసార్లు చదివించుకున్న కథ రాబర్టో డి విసెంజోది. అర్జెంటీనాలో ఒక పేద కుటుంబంలో పుట్టి, చిన్నతనంలో క్యాడీగా పని చేసిన ఈయన 1967లో, 44 ఏళ్ల వయసులో జాక్ నిక్లస్‌ను వెనక్కి నెట్టి బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. మరుసటి సంవత్సరం 1968 ఏప్రిల్ 14న అమెరికాలోని అగస్టాలో మాస్టర్స్ చివరి రోజు ఆట. ఆ రోజు ఆయన 45వ పుట్టినరోజు. మొదటి హోల్‌లోనే దూరం నుంచి కొట్టిన బంతి నేరుగా కప్పులో పడి రెండు దెబ్బల్లో పూర్తయింది. జనం పుట్టినరోజు పాట పాడారు. ఆట ముగిసేసరికి ఆయన బాబ్ గోల్బీతో సమానంగా ఉన్నాడు. అంటే మరునాడు ప్లేఆఫ్ జరగాలి.

గోల్ఫ్‌లో ఒక ఆటగాడి లెక్కను అతనితో కలిసి ఆడే ఇంకొక ఆటగాడు రాస్తాడు. చివరన దానిని సరిచూసుకుని సంతకం పెట్టవలసినవాడు ఆడిన మనిషే. ఆ రోజు డి విసెంజో లెక్క రాసినవాడు టామీ ఆరన్. 17వ హోల్‌లో డి విసెంజో మూడు దెబ్బల్లో పూర్తి చేయడాన్ని లక్షలమంది టీవీలో చూశారు. ఆరన్ పొరపాటున నాలుగు రాశాడు. డి విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టాడు. నిజంగా ఆడినదానికంటే ఎక్కువ రాసి సంతకం పెడితే ఆ ఎక్కువ లెక్కే నిలుస్తుందని నియమం. 65 కాస్తా 66 అయింది. ప్లేఆఫ్ పోయింది. గోల్బీ విజేత అయ్యాడు. డి విసెంజో ఆరన్‌ను ఒక్క మాట కూడా అనలేదు, నియమాన్ని తప్పుపట్టలేదు, తెలివితక్కువ పని చేసింది తానేనని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు.

సంతకం తప్ప చదువు రాని మా మావయ్య ఈ కథ విన్న ప్రతిసారీ చాలాసేపు మాట్లాడేవారు కాదు. ఒక రాత్రి మాత్రం, "ఆ సంతకం ఆడే ఎట్టినాడు గదేటి, ఇంకొకల్ని అంతే ఏటొస్తాదిరా బాబూ" అన్నారు. నాకు ఆ నియమం క్రూరంగా అనిపించేది. లక్షలమంది కళ్లారా చూసినదానిని ఒక కాగితం ఎలా కాదనగలదని వాదించాను. ఆయన వాదించలేదు. నెల నెలా మనియార్డరు రాసిపెట్టే మనిషి అంకెను చదివి వినిపించాక, దానిని తన కంటితో కూడా ఒకసారి చూసుకుని గాని సంతకం పెట్టరని, అందుకోసమే అంకెలు మాత్రం నేర్చుకున్నారని ఆ రాత్రే తెలిసింది. గోల్బీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆయన చక్కగా ఆడి 66 కొట్టి గెలిచాడు, తప్పు ఏదీ చేయలేదు. అయినా జీవితాంతం ఆ గెలుపును జనం సగం గెలుపుగానే చూశారు. ఇది ఆయనకు జరిగిన అన్యాయమని నా నమ్మకం.

సెవె బాలెస్టెరోస్ గురించి మాత్రం మావయ్యకు వివరించవలసిన అవసరమే రాలేదు. స్పెయిన్‌లోని పెడ్రెన్యా అనే సముద్రపు ఒడ్డు పల్లెలో, ఒకే ఒక్క మూడో నంబరు ఐరన్‌తో, ఇసుక మీద రాళ్లనూ బంతులనూ కొడుతూ నేర్చుకున్నాడని చదవగానే ఆయన లేచి లోపలికి వెళ్లి తన కర్రను తీసుకువచ్చారు. మరునాడు పొద్దున్నే ఇద్దరం కళింగపట్నం వెళ్లాం. వంశధార సముద్రంలో కలిసేచోట తడి ఇసుక మీద, పొడి ఇసుక మీద బంతి ఎలా వేరుగా లేస్తుందో ఆయన కొట్టి చూపించారు. తడి ఇసుకలో కర్ర అంచు బంతిని నేరుగా తాకాలి, పొడి ఇసుకలో బంతికి అంగుళం వెనక దిగి, ఇసుకతో పాటు బంతిని ఎత్తాలి. జీన్ సరాజెన్ అనే ఆటగాడు, ఆయన కూడా క్యాడీయే, ఈ పని కోసమే అడుగు భాగం బరువైన ప్రత్యేకమైన కర్రను 1930 ప్రాంతంలో తయారు చేసుకుని 1932 బ్రిటిష్ ఓపెన్ గెలిచాడని నేను అక్కడే చెప్పాను. సెవె 1979లో లిథమ్‌లో కార్లు నిలిపిన చోట పడిన బంతిని అక్కడి నుంచే గ్రీన్ మీదికి చేర్చి బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఆ మనిషి ఎక్కడ పడిన బంతినైనా ఆడగలగడానికి మూలం ఆ పల్లె ఇసుకేనని ఆ పొద్దున నాకు అర్థమైంది. ఆయన 2011లో, 54 ఏళ్లకే మరణించిన వార్త చదివిన రోజు నేను పని మానుకుని ఇంట్లోనే ఉండిపోయాను.

ఇక పాప్వా సెవ్‌గోలమ్. దక్షిణాఫ్రికా మళ్లీ ప్రపంచ క్రీడల్లోకి వచ్చిన రోజుల్లో, క్రికెట్ గురించి చదువుతూ ఉంటే ఈ పేరు తగిలింది. ఆ పేరు నన్ను వదలలేదు.

మా తీరం నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఉన్న సంబంధం పాతది. గంజాం, విశాఖపట్నం జిల్లాలుగా అప్పట్లో పిలిచిన ఈ ప్రాంతం నుంచి తెలుగువారు చెరకు తోటల్లో ఒప్పందపు కూలీలుగా వెళ్లారు. మొదటి ఓడ ట్రూరో 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. పైన చెప్పిన ప్రెస్ట్‌విక్ పోటీ తేదీ అక్టోబరు 17. అంటే స్కాట్లండులో ఎనిమిది మంది మొదటి ఓపెన్ ఆడుతున్న రోజున ఆ ఓడ మన కూలీలతో హిందూ మహాసముద్రంలో ఉంది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఆ ఓడలు మోసుకుపోయిన భారతీయుల సంతతిలోనివాడే పాప్వా. డర్బన్‌లోని బీచ్‌వుడ్ మైదానంలో క్యాడీగా పెరిగాడు. చదువు లేదు. కర్రను అందరూ పట్టుకునే తీరుకు వ్యతిరేకంగా, ఎడమ చెయ్యి కిందికి, కుడి చెయ్యి పైకి వచ్చేలా పట్టుకునేవాడు. ఎవరూ నేర్పనివాడు తన చేతికి వచ్చినట్టు పట్టుకుంటాడు, అంతే. 1959లో ఒక యజమాని సాయంతో ఐరోపా వెళ్లి డచ్ ఓపెన్ గెలిచాడు. 1960లో మళ్లీ గెలిచాడు, 1964లో మూడోసారి గెలిచాడు. సొంత దేశంలో మాత్రం తెల్లవారి పోటీలలో ఆడడానికి అనుమతి కోసం ఎదురుచూడవలసిందే. 1963లో నేటాల్ ఓపెన్‌లో ఆడనిచ్చారు, గెలిచాడు. జాతి వివక్ష చట్టాల కారణంగా అతనిని క్లబ్బు భవనంలోకి రానివ్వలేదు. వాన కురుస్తుంటే ఆరుబయటే ట్రోఫీ అందించారు. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. 1965లో అదే పోటీలో గ్యారీ ప్లేయర్‌ను దాటి మరోసారి గెలిచాడు. ప్లేయర్ అదే సంవత్సరం, తన ఆట జీవితంలో నాలుగు ప్రధాన పోటీలనూ కనీసం ఒక్కసారైనా గెలిచిన అరుదైన ఆటగాళ్ల వరుసలో చేరాడన్నది గుర్తుంచుకుంటే పాప్వా గెలుపు ఎంతటిదో తెలుస్తుంది. ఆ తర్వాత ప్రభుత్వం అతన్ని తెల్లవారి పోటీలకు పూర్తిగా దూరం చేసింది. 1978లో, యాభై ఏళ్లు నిండకముందే, పేదరికంలో మరణించాడు. ఇప్పుడు డర్బన్‌లో ఒక గోల్ఫ్ మైదానానికి అతని పేరు ఉంది.

దీనిని నేను మావయ్యకు చదివి వినిపించేటప్పటికి ఆయన ఉద్యోగం మానేసి ఊళ్లోనే ఉంటున్నారు. వాన భాగం దగ్గర నన్ను ఆపి, "ట్రోఫీ అందుకున్నప్పుడు ఆడి నెత్తి మీద గొడుగు ఒకలైనా పట్టినారేటి?" అని అడిగారు. నేను చదివినదానిలో ఆ సంగతి లేదు. క్యాడీగా ఉన్నన్నాళ్లూ వానలో ఇతరుల నెత్తి మీద గొడుగు పట్టిన మనిషి అడిగిన ఆ ప్రశ్నను ఎవరైనా క్రీడా చరిత్రకారుడు అడిగి ఉంటాడని నేను అనుకోను.

అమెరికాలో కూడా ఇటువంటి తలుపులు ఉండేవి. నల్లజాతివారు సభ్యులు కాకూడదనే నిబంధనను వృత్తి గోల్ఫ్ సంఘం తొలగించింది 1961లోనే. దాని కోసం ఏళ్ల తరబడి పోరాడిన చార్లీ సిఫర్డ్, తాను కూడా క్యాడీగా మొదలైనవాడే, అప్పటికి నలభైకి దగ్గరపడ్డాడు. 1967లో హార్ట్‌ఫర్డ్‌లో, 1969లో లాస్ ఏంజెలెస్‌లో గెలిచినా మాస్టర్స్ నుంచి ఆయనకు ఒక్కసారి కూడా పిలుపు రాలేదు. అక్కడ ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు లీ ఎల్డర్, 1975లో. అప్పటివరకు, ఆ తర్వాత 1982 వరకు కూడా, అగస్టాలో ఆటగాళ్ల సంచులు మోసినవారు మాత్రం ఆ క్లబ్బుకు చెందిన నల్లజాతి క్యాడీలే. 1997 ఏప్రిల్‌లో 21 ఏళ్ల టైగర్ వుడ్స్ మొదటి రోజు మొదటి తొమ్మిది హోల్స్ 40 దెబ్బల్లో ఆడి తడబడి, చివరకు 270 దెబ్బలతో, 12 దెబ్బల ఆధిక్యంతో గెలిచినప్పుడు లీ ఎల్డర్ అక్కడికి స్వయంగా వచ్చి చూశాడు. క్లబ్బులో పని చేసేవారు వంటగదుల్లోంచి బయటికి వచ్చి వరండాలో నిలబడ్డారు. ఆ వారం టీవీలో చూపించిన భాగాలను మావయ్యతో కలిసి చూశాను. ఆయన చూపు వుడ్స్ కొట్టిన బంతుల మీదకంటే ఆ గ్రీన్ల మీద ఎక్కువగా ఉంది. అంత వాలులో గడ్డిని అంత సమంగా ఎలా కోస్తున్నారని మళ్లీ మళ్లీ అన్నారు.

నిక్లస్ గురించి తక్కువ రాశానని అనుకునేవారు ఉంటారు. 18 ప్రధాన పోటీలు గెలిచినవాడు, 1986లో 46 ఏళ్ల వయసులో చివరి తొమ్మిది హోల్స్ 30 దెబ్బల్లో ఆడి మాస్టర్స్ గెలిచినవాడు. ఆయనను మించినవారు లేరు. మా అరుగు మీద ఆయనకు దక్కిన గౌరవం మాత్రం రెండు సంగతుల వల్ల వచ్చింది. 1986లో ఆయన సంచి మోసినవాడు సొంత కొడుకు. అమెరికా, బ్రిటన్ జట్ల మధ్య 1969లో జరిగిన రైడర్ కప్ చివరి హోల్‌లో, ఇంగ్లండు ఆటగాడు టోనీ జాక్లిన్‌కు మిగిలిన చిన్న పుట్‌ను, అంటే బంతిని కప్పులోకి దొర్లించే దెబ్బను, కొట్టనవసరం లేదని వదిలేసి, జట్ల స్కోరును 16-16తో సమం చేయించాడు. సొంత జట్టు నాయకుడికి అది నచ్చలేదు. మావయ్యకు మాత్రం చాలా నచ్చింది.

మన దేశంలో అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన వార్తను హిందూ పత్రికలో చూసిన రోజే నేను బస్సెక్కి ఊరికి వెళ్లి చెప్పాను. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో క్యాడీగా సంచులు మోసిన మనిషి, అదే మైదానంలో, ఆ పోటీని గెలిచిన మొదటి భారతీయ వృత్తి ఆటగాడయ్యాడు. 1993లో మరోసారి గెలిచాడు. మావయ్య ఆ సాయంత్రం ఊళ్లో కనబడిన ప్రతివారికీ ఆ వార్త చెప్పారు. వారిలో ఎవరికీ ఆ ఆట తెలియదు. అయినా అందరూ సంతోషించారు.

ఎస్.ఎస్.పి. చౌరాసియా 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచేనాటికి మావయ్య లేరు. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో గడ్డి చూసుకునే మనిషి. మా మావయ్య చేసిన పనే. కొడుకు ఆ గ్రీన్ల చుట్టూ తిరుగుతూ, ఎవరి శిక్షణా లేకుండా నేర్చుకుని, ఐరోపా టూర్ పోటీలో ప్రపంచ ప్రసిద్ధులను ఓడించాడు. ఆ తర్వాత 2016, 2017లలో వరుసగా రెండుసార్లు ఇండియన్ ఓపెన్ కూడా గెలిచాడు. జీవ్ మిల్ఖా సింగ్ 2007లో మాస్టర్స్ ఆడిన మొదటి భారతీయుడు, అర్జున్ అత్వాల్ 2010లో అమెరికా వృత్తి ఆటగాళ్ల పోటీల వరుస అయిన పి.జి.ఎ. టూర్‌లో గెలిచిన మొదటి భారతీయుడు, అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క దెబ్బ తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచిన అమ్మాయి. వీరందరి పేర్లూ నా నోటుపుస్తకంలో ఉన్నాయి. చౌరాసియా పేజీలు మాత్రం అందరికంటే ఎక్కువ.

ఇంతకాలం చదివినా నాకు దొరకనిది ఒక్కటి. కలకత్తా, ఖరగ్‌పూర్, జంషెడ్‌పూర్ వంటి చోట్ల మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు ఎందరో అన్ని రకాల పనులూ చేశారు. వారిలో గోల్ఫ్ మైదానాలలో ఆగేవాలాలుగా, క్యాడీలుగా, మాలీలుగా పని చేసినవారి గురించి ఎక్కడా ఒక్క పంక్తి కూడా రాసి లేదు. మావయ్య తనతో పని చేసిన ఊరివారి పేర్లు కొన్ని చెప్పేవారు, వాటిని నేను రాసి ఉంచాను. మీ ఇంట్లో తాతగారో, పెదనాన్నగారో అటువంటి పని చేసి ఉంటే, వారు ఏ మైదానంలో, ఏ కాలంలో పని చేశారో, ఎవరి ఆట చూశారో అడిగి తెలుసుకుని నాకు చెప్పండి. వారు ఇంకా మన మధ్య ఉంటే, మీరు ఏ ఊళ్లో ఉన్నా సరే, నేనే వచ్చి కూర్చుని రాసుకుంటాను.